సన్నగా ఉన్న మా బాబాయికి షుగరెందుకొచ్చినట్టు?

పొద్దున్న ఐదున్నరకి ఆర్కే బీచ్‌కెళ్తే సగం వైజాగ్ అక్కడే ఉంటుంది. కాళీమాత గుడి దగ్గర మొదలెట్టి సబ్‌మెరైన్ దాటి వుడా పార్కు దాకా నడిచేవాళ్ళు, వాళ్ళ కోసం రోడ్డు పక్కన కాకరకాయ రసం, సొరకాయ రసం, మొలకలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ కాకర రసం ముక్కు మూసుకుని గుటుక్కున మింగేసి, తిరిగొచ్చేటప్పుడు టిఫిన్ బండి దగ్గర నాలుగిడ్లీ, పైన రెండు పూరీ లాగించే అంకుల్స్‌ని ఓ పది మందిని చూపించగలను, అందులో మా బాబాయి ఒకరు.

బాబాయి 62 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, షుగరొచ్చి పన్నెండేళ్ళు. పక్కన నడిచే ఆయన ఫ్రెండు 95 కిలోలుంటారు, ఆయనకి ఈరోజుకీ షుగర్ లేదు. "లావైతే షుగరొస్తాదంటారు, మరి నాకేటొచ్చింది రా?" అని బాబాయి నన్ను ఎన్నిసార్లడిగారో. నిజానికి దీనికి జవాబు దొరకడానికి డాక్టర్లకే చాలా కాలం పట్టింది.

లావుకీ మధుమేహానికీ సంబంధం ఉందని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. సుశ్రుత సంహితలో ప్రమేహాన్ని (షుగర్ లాంటి జబ్బుకి పాత పేరు) రెండు రకాలుగా చెప్పారు, పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల అంటే తిండి తేడా వల్ల వచ్చేది ఇంకోటి. మొదటి రకం వాళ్ళు బక్కగా, తక్కువ తింటూ ఉంటారట, రెండో రకం వాళ్ళు లావుగా, బాగా తింటూ, కూర్చోడం పడుకోడం అంటే ఇష్టపడుతూ ఉంటారట. (బాబాయికి చదివి వినిపిస్తే "లావు తప్ప మిగతాదంతా నాదే" అన్నారు.)

ఆ తర్వాత నాకు బాగా నచ్చిన ముక్క పారిస్‌ది. 1870-71లో ప్రష్యా సైన్యం ఊరిని చుట్టుముట్టి తిండి లోపలికి పోనివ్వలేదు. అక్కడ బుషార్దా అనే డాక్టరు చూస్తే, జనం ఆకలితో నకనకలాడుతుంటే తన షుగర్ పేషెంట్లలో కొందరికి మాత్రం మూత్రంలో చక్కెర మాయమైపోయింది! అప్పట్నించీ ఆయన మందు ఒకటే, తక్కువ తినండి, ఒళ్ళొంచండి అని.

1921లో టొరంటోలో, రక్తంలో చక్కెరని దించే ఇన్సులిన్‌ని కనిపెట్టాక ఈ తిండి గోల కాస్త వెనక్కెళ్ళింది, ఒంట్లో ఇన్సులిన్ లేకపోవడమే జబ్బు కదా, బయట్నించి ఇచ్చేస్తే సరిపోతుందిలే అనుకున్నారు. కానీ 1936లో లండన్‌లో హిమ్స్‌వర్త్ అనే ఆయన పేషెంట్లకి గ్లూకోజూ ఇన్సులినూ కలిపిచ్చి చూస్తే కొందరికి షుగర్ దిగింది, కొందరికి ఇన్సులిన్ ఇచ్చినా దిగలేదు, అలా దిగనివాళ్ళలో ఎక్కువమంది వయసు పైబడినవాళ్ళూ ఒళ్ళున్నవాళ్ళూ. 1960లో యాలో, బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే పద్ధతి తెచ్చారు, కొలిస్తే పెద్దయ్యాక షుగరొచ్చిన వాళ్ళలో చాలామందికి ఇన్సులిన్ ఉంది, మామూలు మనుషుల కంటే ఎక్కువే ఉంది, కానీ ఒళ్ళు దాని మాట వినట్లేదు. ఇప్పుడు టైప్ 2 అంటున్నది ఇదే.

ఎందుకు వినదు? ఎక్కువైన తిండి కొవ్వుగా మారి ముందు చర్మం కింద చేరుతుంది, అక్కడ చోటు నిండితే లివర్‌లోకీ, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లోకీ పోతుంది. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ వద్దన్నా రాత్రంతా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదుల్తూనే ఉంటుంది, అందుకే రాత్రి రెండు చపాతీలే తిని పడుకున్నా పొద్దున్న ఫాస్టింగ్ 160 వస్తుంది, మనమేమో ల్యాబ్‌వాడి మిషన్ పాడైందంటాం. అసలు తిరకాసు ఏంటంటే, ఆ చర్మం కింద చోటు అందరికీ ఒకేలా ఉండదు.

ఇక్కడ మనూరి కథలోకి రావాలి. మా మామ్మ పుట్టింది విజయనగరం వైపు పల్లెలో, పొద్దున్నే చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, అంతే. వరన్నం పండక్కి, చుట్టాలొస్తే. వైజాగ్‌కి 1933లో హార్బరొచ్చింది, తర్వాత షిప్‌యార్డ్, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత స్టీల్ ప్లాంట్, ఒక్కోటీ వచ్చినప్పుడల్లా మా మామ్మలాంటి వాళ్ళ పిల్లలు మూటాముల్లె సర్దుకుని ఇక్కడికొచ్చారు. 1983లో ఎన్టీఆర్ గవర్నమెంటు కిలో రెండ్రూపాయల బియ్యం మొదలెట్టింది. ఆ పథకాన్ని తప్పుపట్టే మాట నేనస్సలు అనను, కడుపు నిండటం అంటే ఏంటో మామ్మ తరానికే తెలుసు. కాకపోతే చోళ్ళూ గంట్లూ (సజ్జలు) సామలూ ఉన్న చోటికి తవుడంతా పోయిన తెల్లబియ్యం మూడు పూటలా వచ్చేసింది, అదే టైమ్‌లో పొలం పని పోయి షిఫ్టు డ్యూటీ, స్కూటరూ, టీవీ వచ్చాయి. ఈమధ్య ఐసీఎంఆర్ అనే కేంద్ర వైద్య పరిశోధన సంస్థ సర్వే లెక్క చూస్తే మన దేశంలో జనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల్నించే వస్తున్నాయి, పప్పూ గుడ్డూ చేపా వాటా తక్కువ. సముద్రం ఒడ్డున ఉండి కూడా!

అలాగని చోడిపిండిని మెత్తగా జావ కాచి, అందులో అనకాపల్లి బెల్లం గుప్పెడేసి "హెల్దీ" అని తాగితే షుగర్ సర్రున లేస్తుంది. పంచదారలో ఉన్న సుక్రోజే బెల్లంలోనూ ఉంది. ఈ మాటంటే మా ఇంట్లో ఇప్పటికీ గొడవే.

ఇక బాబాయి ప్రశ్న. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ అని ఉన్నారు, ఆయనా లండన్‌లో యడ్కిన్ అనే డాక్టరూ పక్కపక్కన దిగిన ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి వేసే బరువు లెక్క, ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యడ్కిన్‌కి 9.1 శాతం, మనాయనకి 21.2! అదే యాజ్ఞిక్ టీమ్ పుణే దగ్గర పల్లెల్లో పుట్టిన పసిపిల్లల్ని ఇంగ్లండ్ పిల్లలతో పోల్చింది. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్ళు 3.5. మనవాళ్ళకి కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లికి తిండి చాలకపోతే బిడ్డ కడుపులోనే పొదుపు నేర్చుకుని పుడుతుందనీ, తర్వాత తిండి దండిగా దొరికితే ఆ పొదుపే చేటు చేస్తుందనీ 1992లోనే హేల్స్, బార్కర్ అనే ఇద్దరు చెప్పారు. అందుకే మనకి బీఎంఐ 23 దాటితే చాలు ఓవర్‌వెయిట్ లెక్క, మగాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు.

పిన్ని కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తీసి బాబాయి బొడ్డు దగ్గర పెట్టి చూశాను. ఆయన ఊపిరి బిగబట్టారు, "వదలండి బాబాయి" అంటే వదిలారు, 94. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, మధ్యలో చొక్కా కింద దాక్కున్న చిన్న కుండ. ఫ్రెండుకి 95 కిలోలున్నా చర్మం కింద చోటుంది, బాబాయికి 62 దగ్గరే నిండిపోయింది.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్కలో దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, ఇంకా రాలేదు గానీ వచ్చే అంచుమీదున్నవాళ్ళు 13.6 కోట్లు. ఆ అంచుమీద వాళ్ళ మీదే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ వాళ్ళు చేసిన స్టడీ 2006లో వచ్చింది, తిండీ నడకా మార్చుకున్నవాళ్ళకి షుగరొచ్చే రిస్క్ 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గిందీ దాదాపు అంతే. బ్రిటన్‌లో న్యూకాజిల్ ప్రొఫెసర్ రాయ్ టేలర్ వాళ్ళ ట్రయల్‌లో 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో 86 శాతం మందికి ఏడాదికల్లా మందుల్లేకుండానే షుగర్ అదుపులోకొచ్చింది. ఆయనే తర్వాత బాబాయిలా లావు కాని పేషెంట్లు 20 మందిని తీసుకున్నారు, ఉన్న బరువులో ఓ ఆరేడు శాతం తగ్గేసరికి 14 మందికి అదే జరిగింది. కాకపోతే షుగరొచ్చి చాలా ఏళ్ళైతే ఛాన్స్ తగ్గుతుంది, పైగా మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ డాక్టర్ని అడక్కుండా తిండి కోసేస్తే షుగర్ డౌనై కళ్ళు తిరిగి పడిపోతారు. బాబాయికి పన్నెండేళ్ళు, కాబట్టి నేనేమీ పెద్ద ఆశలు పెట్టలేదు, ఆయన డాక్టరూ పెట్టలేదు.

ఆరేడు శాతం అంటే బాబాయికి నాలుగు కిలోలు. పిన్ని బియ్యం కొలిచే గ్లాసు మార్చేసింది, కంచంలో ముందు కూరా పప్పూ పెట్టి అన్నం ఆఖర్న వడ్డిస్తోంది, ఆయనేమో "ఇదేటిది, పెళ్ళిలో వరస తప్పినట్టు" అని గొణుగుతూనే తింటున్నారు. కాకర రసం మానేశారు, పూరీ ఆదివారాలకి మిగిలింది. టేపు ఫ్రిజ్ మీదే ఉంటోంది, మొన్నటికి 91.