సుత్తి దెబ్బకు రాగి ఎందుకు పగలదు?

గళ్లుప్పు పలుకు ఒకటి రాయి మీద పెట్టి సుత్తితో కొడితే పిండి అవుతుంది. అదే దెబ్బ రాగి ముక్క మీద వేస్తే పలచబడి వెడల్పవుతుందే గానీ పగలదు. రెండూ స్ఫటికాలే. రెండింటిలోనూ కణాలు వరసలు తీరి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉంటాయి. తేడా అంతా ఆ పట్టులోనే ఉంది.

ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. ధనావేశం పక్కన రుణావేశం, దాని పక్కన మళ్లీ ధనావేశం. దెబ్బకు ఒక వరస కాస్త పక్కకు జరిగిందంటే ధనావేశానికి ఎదురుగా ధనావేశమే వచ్చి నిలుస్తుంది. వికర్షణతో పలుకు అక్కడికక్కడే చీలిపోతుంది. రాగిలోని పరమాణువులు కూడా బయటి ఎలక్ట్రాన్లను వదులుకుంటాయి, కానీ ఫలానా దానికని ఇవ్వవు. అవి ముక్క మొత్తానికీ ఉమ్మడి. ఎలక్ట్రాన్లు వదిలాక ధనావేశంతో మిగిలిన పరమాణువులకూ (ధన అయాన్లకూ), వాటి మధ్య తిరిగే ఈ ఎలక్ట్రాన్లకూ ఉన్న ఆకర్షణే లోహ బంధం. వరస జరిగినా కొత్త చోట కూడా చుట్టూ అవే ఎలక్ట్రాన్లు ఉంటాయి కాబట్టి బంధం తెగదు. బంగారాన్ని మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు మందం దాకా రేకు కొట్టగలుగుతున్నది ఇందువల్లే. అంత పలచని రేకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దానిలోంచి కాంతి ఆకుపచ్చగా కనిపిస్తుంది.

పాఠాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. నాకు మాత్రం అసలు ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది. ఒక వరస మొత్తం ఒకేసారి జరగాలంటే ఎంత బలం కావాలో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. స్వచ్ఛమైన లోహం నిజంగా వంగడానికి సరిపోయే బలం కంటే అది వందల, వేల రెట్లు ఎక్కువని తేలింది. 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారు దీనికి జవాబు చెప్పారు. లోహంలో అక్కడక్కడా పరమాణువుల వరస సగంలోనే ఆగిపోయిన చోట్లు ఉంటాయి. వీటిని డిస్‌లొకేషన్లు అంటారు. పెద్ద జంపఖానాను ఒక్కసారిగా లాగడం కష్టం. ఒక అంచున మడత లేపి, ఆ మడతను అవతలి అంచుదాకా నెట్టుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. డిస్‌లొకేషన్ కూడా అలాగే కదులుతూ వరసను కొద్దికొద్దిగా జరుపుతుంది.

కాల్చి చల్లార్చిన రాగి తీగ మెత్తగా వంగుతుంది. ఒకే చోట అటూ ఇటూ వంచుతూ ఉంటే బిగుసుకుపోయి చివరికి విరుగుతుంది. వంచినకొద్దీ కొత్త డిస్‌లొకేషన్లు పుట్టి, ఒకదానికొకటి అడ్డం పడి కదల్లేకపోతాయి. మళ్లీ కాలిస్తే పరమాణువులు సర్దుకుని కొత్త స్ఫటిక రేణువులు ఏర్పడతాయి, మెత్తదనం తిరిగొస్తుంది. రేకు పనివారు మధ్యమధ్యలో రేకును కాల్చేది అందుకే. జనగామ దగ్గరి పెంబర్తి కళాకారులు బొమ్మలు తేల్చే ఇత్తడి విషయానికొస్తే, అందులో రాగి పరమాణువుల మధ్య కాస్త పెద్దవైన జింకు పరమాణువులు కూర్చుని డిస్‌లొకేషన్లకు అడ్డుపడతాయి. ఇత్తడి రాగికన్నా గట్టిగా ఉండేది వాటివల్లే.

కరెంటునూ వేడినీ మోసేవి కూడా ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్లే. 1900లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పాల్ డ్రూడ్ మొదట ఇలా వివరించాడు. ఘన సెంటీమీటరు రాగిలో ఇవి దాదాపు 8.5×10²² ఉంటాయి. ఇంటి వైర్లలో ఇవి ముందుకు సాగే వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. స్విచ్ వేయగానే విద్యుత్ క్షేత్రం తీగంతటా వ్యాపించి అన్నిటినీ ఇంచుమించు ఒక్కసారే కదిలిస్తుంది కాబట్టి లైటు వెంటనే వెలుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో రకరకాల పరమాణువులు కలిసి ఎలక్ట్రాన్ల దారిని చెదరగొడతాయి. వేడిని మోయడంలో అది రాగికి దాదాపు 25 రెట్లు వెనకబడుతుంది. స్టీలు గిన్నెల అడుగుకు రాగి వేయడానికి కారణం ఇదే.

ఉమ్మడికి ఎక్కువ ఎలక్ట్రాన్లు ఇచ్చే లోహంలో బంధం బలపడి, అది మరింత వేడికి గానీ కరగకూడదు. కానీ కరిగే ఉష్ణోగ్రతల దగ్గర లెక్క ఇంత సాఫీగా ఉండదు. ఒక ఎలక్ట్రాన్ ఇచ్చే సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది, రెండిచ్చే మెగ్నీషియం 650 దగ్గర. మూడిచ్చే అల్యూమినియం 660 దగ్గరే ఆగిపోతుంది. టంగ్‌స్టన్‌లో లోపలి పొరల ఎలక్ట్రాన్లు కూడా బంధంలో పాలుపంచుకోవడంతో అది 3,400 దాటుతుంది. పాదరసం మరీ విచిత్రం. దాని కేంద్రకం చాలా బరువైనది, ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో చెప్పుకోదగ్గ భాగంతో తిరుగుతాయి. అంత వేగంలో బయటపడే ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రభావం వల్ల బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దగ్గరగా ముడుచుకుని ఉమ్మడిలోకి సరిగా రావు. బంధం బలహీనపడి, అది మైనస్ 39 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. 2013లో కంప్యూటర్ లెక్కలతో చూస్తే, ఈ ప్రభావమే లేకపోతే కరిగే ఉష్ణోగ్రత 105 డిగ్రీల దాకా ఎక్కువ ఉండేదని తేలింది. అప్పుడు రోహిణీ కార్తె ఎండలో కూడా పాదరసం గడ్డగానే ఉండేది.