కబడ్డీ గడియారం ఆగి సాగేదెలా

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

చిరంజీవులు హర్షకు, మేఘనకు పెద్దనాన్న ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ కబడ్డీ పోటీల కోసం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్న స్కోర్‌బోర్డు చూశాను. పాయింట్ల లెక్క శుభ్రంగా ఉంది. పేచీ అంతా గడియారం దగ్గరే. సగం ఆటకి 20 నిమిషాలు, ఒక్కో రైడ్‌కి 30 సెకన్లు. రిఫరీ టైమౌట్ ఇవ్వగానే ఆగాలి, మళ్లీ ఆట మొదలవగానే ఆగిన చోటి నుంచే సాగాలి.

మీరు రాసిన పద్ధతిలో ఒక సెకను స్లీప్ (ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపి ఉంచే ఆజ్ఞ), లెక్కకి ఒకటి కలపడం, స్క్రీన్ మీద చూపించడం, మళ్లీ స్లీప్. స్లీప్ ఒక సెకనుకి తగ్గకుండా ఆపుతుంది, ఎక్కువసేపు ఆపదని మాత్రం పూచీ లేదు. పైగా స్క్రీన్ మీద అంకె మార్చడానికి పట్టే టైం వేరే. చుట్టుకి 10 మిల్లీసెకన్లు జారినా, 20 నిమిషాల్లో తిరిగే 1,200 చుట్లకి 12 సెకన్లు గల్లంతు. ఆ కాసేపట్లో ఒక టచ్ పాయింట్, ఒక బోనస్ వచ్చేస్తాయి, మీ కాలనీలో గొడవకి అంతకంటే ఏం కావాలి! ఇక సెకను మధ్యలో పాజ్ నొక్కితే ఆ ముక్క ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

కరెంటు రీడింగుకి వచ్చే అతను నెలంతా మీటరు ముందు కూర్చోడు కదా. ఈసారి రీడింగులోంచి పోయినసారి రీడింగు తీసేసి బిల్లు చేతిలో పెడతాడు. మీ టైమర్ కూడా అంతే చెయ్యాలి. టైమర్ క్లాసులో, అంటే టైమర్ ఎలా ఉండాలో రాసిపెట్టే అచ్చులో, రెండే అంకెలు దాచండి. ఒకటి, ఇంతవరకు పోగైన కాలం. రెండోది, ఈ విడత ఎప్పుడు మొదలైందో ఆ రీడింగు. గడియారం ఆగి ఉంటే రెండోదాన్ని ఖాళీగా, అంటే నన్ (None)గా వదిలేయండి.

రైడ్ మొదలైనప్పుడు రీడింగు 5000 అనుకోండి. 5007 దగ్గర పాజ్. తేడా 7, అది పోగైన కాలంలో పడుతుంది, మొదలైన రీడింగు నన్ అయిపోతుంది. 5040 దగ్గర మళ్లీ మొదలుపెడితే రాసుకోవలసింది 5040 ఒక్కటే. మధ్యలో పోయిన 33 సెకన్లు ఎక్కడా లెక్కలోకి రావు. 5045 దగ్గర ఎంతైందని అడిగితే 7కి 5 కలిపి 12. రైడ్‌లో ఇంకా 18 సెకన్లు ఉన్నట్టు. చూశారా, ఎవరైనా అడిగినప్పుడు తప్ప ఈ టైమర్ ఏ పనీ చెయ్యదు.

రీడింగు కోసం పైథాన్‌లో టైం చెప్పే టైమ్ డాట్ టైమ్ (time.time) ఫంక్షన్ వాడొద్దు. అది గోడగడియారం లాంటిది, ఇంటర్నెట్ నుంచి సరైన టైం తీసుకుని సిస్టమ్ సర్దుకుంటే ముందుకో వెనక్కో గెంతుతుంది. టైమ్ డాట్ మోనోటానిక్ (time.monotonic) వాడండి, వెనక్కి నడవదు. దాని అంకె ఎక్కడ మొదలైందన్నదానికి అర్థం ఏమీ లేదు, తేడా ఒక్కటే మనకి పనికొస్తుంది.

హడావుడిలో ఎవరో పాజ్ రెండుసార్లు నొక్కుతారు, తప్పదు. మొదలైన రీడింగు నన్‌గా ఉంటే పాజ్ ఏమీ చెయ్యకుండా తిరిగొచ్చెయ్యాలి. నన్‌గా లేకపోతే స్టార్ట్ కూడా అలాగే. ఈ రెండు ఇఫ్ షరతులు లేకపోతే రెండోసారి స్టార్ట్ నొక్కగానే అప్పటిదాకా నడిచిన విడత మొత్తం మాయమవుతుంది.

మిగిలిన సెకన్లు చూపించేటప్పుడు పై అంకెకి సవరించండి, పైథాన్‌లో ఆ పని చేసే సీల్ (ceil) ఫంక్షన్ వాడి. కిందికి సవరిస్తే రైడ్ మొదలైన క్షణంలోనే 29 పడుతుంది, చివర సున్నా చూపిస్తూనే ఇంకో సెకను ఆట నడుస్తుంది. ఆ సున్నా చూసి జనం అరుస్తారు.

మేఘనా, టెస్టింగ్ కోసం ప్రతిసారీ 20 నిమిషాలు కూర్చుంటున్నావట. రీడింగు ఇచ్చే ఫంక్షన్‌ని క్లాసు తయారుచేసేటప్పుడు బయట్నుంచి అందించు. ఆటలో మోనోటానిక్ ఇవ్వు, టెస్టులో నువ్వు చెప్పిన అంకె చెప్పే బొమ్మ ఫంక్షన్ ఇవ్వు. 5000 అను, 5007 అను, 6200 అను. సగం ఆట రెప్పపాటులో అయిపోతుంది. ఈ క్లాసులో నాకు బాగా నచ్చేది ఇదే, పాజ్ కూడా దీని తర్వాతే.

హర్షా, రైడ్‌కి వేరే క్లాసు అక్కర్లేదు. ఒకే క్లాసు, ఆ అచ్చు నుంచి తీసిన రెండు ఆబ్జెక్టులు, ఒకదానికి 1,200, ఒకదానికి 30. అయితే సగం ఆట టైం అయిపోయిందని రెండోదాన్ని కూడా ఆపేయకు. అప్పటికే మొదలైన రైడ్‌ని పూర్తిచేయనివ్వాలన్నది కబడ్డీ నియమం. పెద్ద గడియారం సున్నాకి వస్తే కొత్త రైడ్‌కి స్టార్ట్ పనిచేయకూడదు, అంతవరకే.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఇటు రండి. చార్జర్ మర్చిపోకండి.

మీ పెద్దనాన్న