కషాయం నుంచి క్యాన్ దాకా: పరీక్ష ఎక్కడ ఆగింది?

2015 వేసవి అనగానే అందరికీ గుర్తొచ్చేది మ్యాగీ గొడవ. అదే వేసవిలో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన మరో ఆదేశం ఎవరికీ అంతగా గుర్తులేదు. మాన్‌స్టర్, త్జింగా, క్లౌడ్ 9 వంటి ఎనర్జీ డ్రింకులకు ఇచ్చిన అనుమతిని రద్దు చేసి, సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. వాటిలో కెఫీన్‌తో పాటు జిన్‌సెంగ్ అనే మూలిక సారం కూడా ఉంది. ఈ రెండూ ఒంట్లో ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయని, వాటిని కలపడంలో అర్థం లేదని నిపుణులు అభ్యంతరం చెప్పారు. విడిగా చూస్తే రెండూ వందల ఏళ్లుగా మనుషులు వాడుతున్నవే. పేచీ అంతా కలపడం దగ్గరే వచ్చింది.

హైదరాబాద్‌లో ఈ పేచీ రోజూ కళ్ల ముందే ఉంటుంది. పార్కుల గేట్ల దగ్గర వాకింగ్ ముగించినవాళ్లు కలబంద రసం, తిప్పతీగ రసం తాగుతారు. అమీర్‌పేట హాస్టళ్ల కింద కిరాణా కొట్లో ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు దొరుకుతుంది. పక్కనే మెడికల్ షాపులో అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్. మొదటిది సహజం కదా అంటారు, రెండోది కూల్‌డ్రింకే కదా అంటారు. చట్టం దృష్టిలో ఒకటి మందు, ఒకటి ఆహారం, ఇంకొకటి ఆ రెంటికీ మధ్య ఎక్కడో. పరీక్షల కథ అర్థం కావాలంటే ఈ గీతలు ఎలా పడ్డాయో చూడాలి.

మందు అమ్మేముందే పరీక్షించాలన్న నియమం ప్రాణాలు పోయాకే వచ్చింది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును సిరప్‌గా చేసి అమ్మారు. మందు అప్పటికే వాడుకలో ఉన్నదే. దాన్ని కరిగించడానికి వాడిన డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష ద్రవాన్ని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. వంద మందికి పైగా చనిపోయారు, మరుసటి ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చింది. మన దేశంలో ఔషధ చట్టం 1940 నాటిది. ఆయుర్వేద, యునాని మందులకు అందులో ప్రత్యేక అధ్యాయం 1964 సవరణతో చేరింది. చట్టం షెడ్యూలులో ప్రామాణిక గ్రంథాల జాబితా ఉంటుంది, మన తెలుగువాళ్ల వైద్య గ్రంథం బసవరాజీయం కూడా అందులో ఉంది. ఆ గ్రంథాల్లో ఉన్న యోగాన్ని, అంటే మందు కూర్పును, ఉన్నది ఉన్నట్టు చేస్తే భద్రతా పరీక్ష అడగరు, శతాబ్దాల వాడకమే పరీక్ష అనుకుంటారు.

ఈ వాదనలో బలం లేకపోలేదు. కాకపోతే ఆ బలం గ్రంథంలో చెప్పిన రూపానికీ మోతాదుకే పరిమితం. కషాయం అంటే మూలికను నీళ్లలో వేసి, నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో ఇగిరేదాకా మరిగించడం. ఫ్యాక్టరీలో ఆల్కహాల్‌తోనో హెక్సేన్‌తోనో సారం తీస్తే నీళ్లలో దిగని పదార్థాలు కూడా దిగుతాయి, చిక్కదనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆకు అదే, తాగేది అది కాదు. 2010లో ఔషధ నిబంధనల్లో చేరిన 158బి ఈ తేడాను గుర్తించింది. గ్రంథంలో చెప్పిన జబ్బుకే వాడే నీటి సారానికి భద్రతా పరీక్ష అక్కర్లేదు. నీరు, ఆల్కహాల్ కాక వేరే ద్రావణితో (కరిగించే ద్రవంతో) తీస్తే మాత్రం విషప్రభావం, జన్యువులకు హాని, గర్భంలోని పిండానికి హాని, ఇవన్నీ పరీక్షించాల్సిందే.

అసలు సీసాలో ఉన్నది ఏ మొక్క అన్నది ఇంకా ముందు తేలాల్సిన సంగతి. 1990లలో బెల్జియంలో సన్నబడే మందు వాడిన వంద మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాడాల్సిన చైనా మూలిక బదులు కిడ్నీలకు విషమైన అరిస్టొలోకియా జాతి మొక్క వచ్చి చేరింది. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో దుకాణాల నుంచి కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. ఆ దెబ్బతో 2006 జనవరి నుంచి ఎగుమతి అయ్యే మూలికా మందులకు లోహాల పరీక్ష తప్పనిసరి చేశారు. ఎగుమతి సరుకుతో మొదలుపెట్టారన్నది గమనించాలి.

కోవిడ్ కాలంలో తిప్పతీగ వంతు వచ్చింది. ముంబైలో ఆరుగురికి లివర్ దెబ్బతిన్నట్టు 2021లో డాక్టర్లు రాశారు. ఆ మొక్క నిజంగా తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే జాతా తేల్చకుండా ఎలా అంటారని, ఆయుర్వేదం వంటి వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. 2022లో హైదరాబాద్ లివర్ డాక్టర్లు ముందుండి, దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 కేసులు ప్రచురించారు. చాలామందిలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను, అంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థే లివర్‌ను దెబ్బతీసే జబ్బును, పోలిన లక్షణాలు కనిపించాయి. నా మటుకు ఆయుష్ శాఖ అడిగిన ప్రశ్న సరైనదే. అయితే అది డాక్టర్ల కన్నా ముందు ఆ రసం అమ్మేవాళ్లను అడగాల్సింది.

ఇలాంటివి తేల్చే పనిలో మన ఊరికి పాత అనుభవమే ఉంది. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో బెరిబెరి అనే విటమిన్ లోప జబ్బు పరిశోధనకు మొదలైన చిన్న విభాగం 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో అందరూ ఎన్ఐఎన్ అనేది దాన్నే. 1971లో అక్కడ ఆహార, ఔషధ విషప్రభావాల పరిశోధనకు ప్రత్యేక కేంద్రం పెట్టారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోతే, బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం సంగతి బయటపెట్టినవాళ్లలో ఈ సంస్థ శాస్త్రవేత్తలున్నారు.

పరీక్ష తీరు చెప్పుకోవాలి. ముందు ఎలుకలకు ఒకే మోతాదు ఇచ్చి 14 రోజులు చూస్తారు, అది కిలో బరువుకు 2,000 మిల్లీగ్రాముల దాకా పోతుంది. ఆ తర్వాత 28 రోజుల పరీక్ష, 90 రోజుల పరీక్ష. 90 రోజుల దానికి మూడు మోతాదుల గుంపులు, సారం ఇవ్వని గుంపు ఒకటి, గుంపుకు కనీసం పది మగ, పది ఆడ ఎలుకలు కావాలి. చివర్లో రక్తం, లివర్, కిడ్నీ పరిశీలిస్తారు. ఏ హానీ కనిపించని మోతాదును మామూలుగా వందతో భాగించి మనిషికి హద్దు గీస్తారు. ఇంత చేసినా ఫలితం ఆ బ్యాచ్ సారానికే వర్తిస్తుంది. వానాకాలం కోసిన ఆకు, ఎండాకాలం కోసిన ఆకు ఒకటి కావు.

ఎనర్జీ డ్రింకుల దారి వేరు. థాయ్‌లాండ్ టానిక్ ఒకటి 1987లో ఆస్ట్రియాలో రెడ్ బుల్‌గా మారింది. అందులోని టారిన్ అనే అమైనో ఆమ్లం మీద అనుమానంతో ఫ్రాన్స్ 2008 దాకా అమ్మనివ్వలేదు. టారిన్ ఇచ్చిన ఎలుకలు అతిగా కదలడం, తమను తామే గాయపరచుకోవడం ఒక పరీక్షలో కనిపించింది. మళ్లీ చేయించి చూశాక, 2009లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఆ మోతాదుల్లో భయం లేదంది. మన దేశంలో 2011లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) అనే స్వచ్ఛంద సంస్థ పరీక్షించిన 16 నమూనాల్లో 44 శాతం, లీటరుకు 145 మిల్లీగ్రాముల కెఫీన్ హద్దు దాటాయి. ఆ హద్దు కూల్‌డ్రింకులకు పెట్టింది. 2016లో ఎనర్జీ డ్రింకులకు విడిగా ప్రమాణం వచ్చింది, లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా. అంటే పాత గరిష్ఠ హద్దు కొత్త లెక్కలో కనీసం అయింది!

ఇప్పటి నిబంధన రోజుకు 500 మిల్లీలీటర్లు మించొద్దంటుంది, పిల్లలకూ గర్భిణులకూ వద్దని లేబుల్ మీద రాయిస్తుంది. 300 చొప్పున అర లీటరులో 150 మిల్లీగ్రాముల కెఫీన్. యూరప్ లెక్కలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 దాకా ఫర్వాలేదు. పిల్లలకు కిలోకు 3 మిల్లీగ్రాములు, అంటే 40 కిలోల పిల్లాడికి 120. రెండు చిన్న బాటిళ్లకే అది దాటిపోవచ్చు. తాగిన చాయ్ అదనం. మూలికలకూ 2016 నిబంధనల్లో మొక్క మొక్కకూ విడివిడిగా రోజువారీ మోతాదు రాశారు. పొద్దున అశ్వగంధ క్యాప్సూల్, రాత్రి చదువుకు రెండు బాటిళ్లు పట్టించే కుర్రాడి లెక్క మాత్రం ఏ షెడ్యూలులోనూ లేదు. బాటిల్ అమ్మేముందు వయసు అడగాలన్న నియమం కూడా దేశమంతటికీ వర్తించేలా ఇంకా రాలేదు.