లాగలేని భుజానికి క్రాస్‌బో: ఒక మినహాయింపు కథ

అమెరికాలో విల్లుతో జింకల వేటకు వెళ్లేవాళ్లు ఒక వయసు దాటాక కలిసినప్పుడల్లా భుజం గురించే మాట్లాడుకుంటారు. ఒకరికి భుజం కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్ అనే కండరాల గుంపు చిరిగింది. ఇంకొకరికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చెయ్యి సగం దాకానే లేస్తోంది. మరొకరికి మెడ నుంచి వేళ్ల దాకా తిమ్మిరి. ఆ మాటలు చివరికి "కాంపౌండ్ పక్కన పెట్టేసి క్రాస్‌బో కొన్నాను" అనే దగ్గర ఆగుతాయి. కాంపౌండ్ అంటే కప్పీలు బిగించిన విల్లు, క్రాస్‌బో అంటే తుపాకీలా ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు. ఆ మాట చెప్పేటప్పుడు చాలామంది గొంతులో సంజాయిషీ వినిపిస్తుంది. మోకాలు నొప్పి పుట్టి మెట్లు మానేసి లిఫ్ట్ ఎక్కినవాడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోడు కదా. ఇక్కడ మాత్రం ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందంటే, దాని వెనక చాలా పాత తగాదా ఉంది.

ముందు భుజం దగ్గరే మొదలుపెడదాం. బాణం ఎక్కుపెట్టడం అని మనం ఒక్క మాటతో చెప్పేస్తాం గానీ, అందులో రెండు పనులున్నాయి. నారిని వెనక్కి లాగడం ఒకటి. లాగాక గురి కుదిరేదాకా అలాగే పట్టుకుని ఉండటం రెండోది. పాత పద్ధతి విల్లులో లాగేకొద్దీ బరువు పెరుగుతూ పోతుంది. చెయ్యి చెవి దగ్గరికి వచ్చేసరికి మొత్తం భారం వేళ్ల మీదే ఉంటుంది, నాలుగైదు క్షణాలకే చెయ్యి వణకడం మొదలవుతుంది. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ విల్లు చివర్లకు కప్పీలు బిగించి ఈ రెండో పనిని తేలిక చేశాడు. 1966లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు, 1969లో అది చేతికొచ్చింది. కాలిఫోర్నియాలో విల్లులు తయారుచేసే టామ్ జెన్నింగ్స్ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చాడు. కాంపౌండ్ విల్లు పుట్టింది అలాగే. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది ఈ రకం విల్లుతోనే.

కాంపౌండ్‌లో మధ్య దాకా బరువు పెరిగి, ఆ తర్వాత చక్రం తిరిగి ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే లెట్-ఆఫ్ అంటారు. 70 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే, పూర్తిగా లాగాక పట్టుకోవాల్సింది 14 పౌండ్లే, అంటే ఆరు కిలోల పైచిలుకు. ఇది గొప్ప సౌకర్యమే. కానీ ఆ 14 దగ్గరికి చేరాలంటే ముందు 70 పౌండ్ల గుట్ట ఎక్కి దిగాల్సిందే. దెబ్బతిన్న భుజానికి నొప్పి పుట్టేది సరిగ్గా ఆ ఎక్కేటప్పుడే. మోచెయ్యి భుజం ఎత్తులో పక్కకు ఉంటుంది, వీపు కండరాలతో పాటు కీలు చుట్టూ ఉన్న సన్నని కండరాలు కూడా లాగాలి. అదీ నవంబరు చలిలో, చెట్టుకు కట్టిన చిన్న పీట మీద మూడు గంటలు కదలకుండా కూర్చుని బిగుసుకుపోయాక, ఇరవై గజాల దూరంలో జింక నిలబడి ఉండగా, చప్పుడు కాకుండా లాగాలి. అలెన్ కప్పీలు తగ్గించింది పట్టుకుని ఉండే కష్టాన్ని. లాగే కష్టం అలాగే ఉండిపోయింది.

క్రాస్‌బో ఈ రెంటినీ వేటగాడి చేతిలోంచి తీసేస్తుంది. నారిని ముందే వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే, ట్రిగ్గర్ నొక్కేదాకా అదే పట్టుకుని ఉంటుంది. అయితే క్రాస్‌బోలు 150, 175, 200 పౌండ్ల బరువులో వస్తాయి. 70 లాగలేనివాడు 175 ఎలా లాగుతాడని సందేహం రావచ్చు. కాంపౌండ్‌లో నారి ఇరవై అంగుళాల పైన బాణాన్ని తోస్తుంది, క్రాస్‌బోలో ఆ దూరం పదమూడు, పద్నాలుగు అంగుళాలే. దూరం తగ్గింది కాబట్టి బలం పెంచక తప్పదు. దాన్ని లాగడానికి రెండు దారులున్నాయి. కప్పీలున్న తాడుతో లాగితే బరువు దాదాపు సగమవుతుంది. కాలితో తొక్కిపట్టి, రెండు చేతులూ ఒంటికి దగ్గరగా ఉంచి పైకి లాగాలి. భుజం నొప్పి ఉన్నవాళ్లలో చాలామంది దీంతో సర్దుకుపోతారు గానీ నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లకు రెండో దారి, చేత్తో తిప్పే క్రాంక్. బావిలో చేద తోడే గిలకలా తిప్పుతూ పోతే కొద్దిపాటి బలంతోనే నారి కొక్కేనికి చేరుతుంది. ఒంటి చేతివాళ్లు కూడా తిప్పగలిగే మోడళ్లు వచ్చాక శారీరక పరిమితి అనే మాటకు అర్థమే మారింది.

ఇంత మేలు చేసే వస్తువు మీద అంత చిన్నచూపు దేనికి?

యూరప్‌లో ఈ చిన్నచూపు తొమ్మిది వందల ఏళ్ల నాటిది. 1139లో రోమ్‌లో జరిగిన రెండో లాటరన్ సభ, క్రైస్తవుల మీద విల్లూ క్రాస్‌బో వాడటాన్ని నిషేధించింది. ఎవరూ పెద్దగా లెక్కచెయ్యలేదు. 1199లో ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ చనిపోయింది ఫ్రాన్స్‌లో ఒక కోట దగ్గర తగిలిన క్రాస్‌బో దెబ్బకే. ఎనిమిదో హెన్రీ కాలానికి కథ ఇంకో మలుపు తిరిగింది. 1541 నాటి చట్టం ప్రకారం ఏడాదికి వంద పౌండ్ల ఆస్తి రాబడి లేనివాళ్లు క్రాస్‌బో ఉంచుకోకూడదు. సామాన్యులు పొడవాటి విల్లుతోనే సాధన చెయ్యాలి, యుద్ధానికి వాళ్లే కావాలి మరి. ఆ సాధన ఒంటికి ఏం చేసిందో ఆ రాజు ఓడే చూపించింది. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో దొరికిన కొన్ని అస్థిపంజరాలకు భుజం కొన దగ్గరి ఎముక అతుక్కోకుండా విడిగా ఉంది. చిన్నప్పటి నుంచీ వంద పౌండ్లు దాటిన విల్లులు లాగడమే కారణమని పరిశోధకులు అనుకుంటున్నారు. క్రాస్‌బోకు మారాల్సినవాళ్లు అప్పుడూ ఉన్నారన్నమాట, కాకపోతే వాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

అమెరికాలో విల్లు వేట తిరిగి మొదలైంది ఇరవయ్యో శతాబ్దంలోనే. కాలిఫోర్నియాలో యాహీ తెగకు మిగిలిన ఆఖరి మనిషి ఇషీ 1911లో అడవి నుంచి బయటికొచ్చి, 1916లో చనిపోయేదాకా శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో బతికాడు. అతని దగ్గర విలువిద్య నేర్చుకున్న సర్జన్ సాక్స్టన్ పోప్ ఈ వేటకు జనంలో మోజు తెచ్చాడు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం జింకల కోసం విల్లు వేటకు ప్రత్యేకంగా సీజన్ పెట్టింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. విల్లుతో జింకను కొట్టడం చాలా కష్టం కాబట్టి దానికి ఎక్కువ రోజులిచ్చారు. విస్కాన్సిన్‌లో తుపాకీ సీజన్ ప్రధానంగా నవంబరులో తొమ్మిది రోజులు. విల్లు సీజనేమో సెప్టెంబరు నుంచి నెలల తరబడి సాగుతుంది. కష్టానికి బహుమతిగా వచ్చిన కాలం అది. కష్టం తగ్గించుకున్నవాడికి ఆ కాలంలో వాటా ఉందా లేదా అన్నదే తగాదా.

ఈ ప్రశ్న మొదట ఎదుర్కొన్నది కాంపౌండే. 1970లలో అది వచ్చినప్పుడు "చక్రాలున్నదీ ఒక విల్లేనా?" అన్నవాళ్లు బోలెడుమంది. పదేళ్లలో ఆ మాట మాయమైంది. అప్పుడు లోపలికొచ్చినవాళ్లలో చాలామంది తర్వాత క్రాస్‌బోకు తలుపు మూశారు. రైలు పెట్టెలో సీటు దొరికినవాడు తర్వాతి స్టేషన్లో ఎక్కేవాళ్లను చూసే చూపు మనకు తెలియంది కాదు.

అయినా తలుపుకి ఒక చిన్న సందు వదిలారు, అదే వైద్యుడి సర్టిఫికెట్. ఫలానా మనిషి విల్లు లాగలేడని డాక్టరు రాసిస్తే విల్లు సీజన్లో క్రాస్‌బో వాడుకోవచ్చు. చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి ఇదే పద్ధతి. తర్వాత వయసు మినహాయింపు తోడైంది. విస్కాన్సిన్‌లో 65 దాటినవాళ్లకు అనుమతి ఇచ్చారు. మిషిగన్ 2009లో నిబంధనలు సడలించినప్పుడు 50 ఏళ్ల గీత గీసింది. ఒహాయో మాత్రం 1970లలోనే క్రాస్‌బోకు సరే అనేసింది. టెన్‌పాయింట్ లాంటి క్రాస్‌బో కంపెనీలు ఆ రాష్ట్రంలో పుట్టడం కాకతాళీయం కాదనిపిస్తుంది. పెన్సిల్వేనియా 2009లో ఒప్పుకుంది. విస్కాన్సిన్ 2014లో అందరికీ తెరిచేసింది. మిన్నెసోటా 2023లో వయసు షరతు తీసేసింది.

దీన్నంతా భుజం నొప్పుల మీద దయ అనుకుంటే పొరపాటు. ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికాలో 1982లో సుమారు 1.7 కోట్ల మంది వేటగాళ్లుండేవారు, 2016 నాటికి 1.15 కోట్లకు తగ్గారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పుట్టిన తరం ముసలిదైపోతోంది. రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు నడిచేది ఎక్కువగా వేట లైసెన్సుల డబ్బుతో, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద ఆయుధాల మీద వసూలయ్యే పన్నుతో. ఇంకోపక్క జింకలు పెరిగిపోతున్నాయి. ఇలాంటప్పుడు భుజం నొప్పితో ఇంట్లో కూర్చునే ప్రతి వేటగాడూ శాఖకు నష్టమే. సందు కాస్తా సింహద్వారం అయింది అందుకే. ఇవాళ ఒహాయోలోనూ విస్కాన్సిన్‌లోనూ మామూలు విల్లు కన్నా క్రాస్‌బోకే ఎక్కువ జింకలు పడుతున్నాయి. క్రాస్‌బో పట్టినవాళ్లందరికీ భుజాలు పోలేదు. పాతవాళ్ల అసలు కోపం ఇదే, అందులో కొంత న్యాయం ఉందని నాకూ అనిపిస్తుంది. కానీ ఆ కోపం వెళ్లి తగిలేది నిజంగా చెయ్యెత్తలేని మనిషికే. మొదటి పేరాలో చెప్పిన సంజాయిషీ అక్కడిదే.

విల్లు వేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ 1961లో మొదలైంది, క్రాస్‌బోతో కొట్టిన జింకను అది ఇప్పటికీ లెక్కలోకి తీసుకోదు. ఒరెగాన్ రాష్ట్రమైతే ఏళ్ల తరబడి వేటలో క్రాస్‌బోను అసలే ఒప్పుకోలేదు.

అలాగని శరీరం సహకరించని ప్రతివాళ్లూ క్రాస్‌బోకే మారాలని లేదు. పుట్టుకతోనే చేతులు లేని మ్యాట్ స్టట్జ్‌మన్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లుతో బంగారు పతకం గెలిచాడు. అక్కడే మన శీతల్ దేవి కాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం తెచ్చింది. చాలామంది ముందు చేసే పని 70 పౌండ్ల విల్లును 45కు దించుకోవడం. విస్కాన్సిన్‌లో జింక వేటకు చట్టం అడిగేది కనీసం 30 పౌండ్లే. నారిని లాగి పట్టి ఉంచే డ్రా-లాక్ అనే పరికరం కూడా ఉంది, కొన్నిచోట్ల దానికి మళ్లీ పర్మిట్ కావాలి.

మారినవాళ్లకు కొత్త తలనొప్పులు ఉండనే ఉన్నాయి. క్రాస్‌బో మూడు కిలోల పైన తూగుతుంది. బరువంతా ముందువైపే ఉండటం వల్ల ఆనించుకోవడానికి కర్రో కమ్మీయో కావాలి. ముందు చెయ్యి బొటనవేలు నారి దారిలోకి వచ్చిందా, ట్రిగ్గర్ నొక్కగానే వేలు పోతుంది. జింక రాకపోతే కాంపౌండ్‌లో బాణం తీసి పొదిలో పెట్టేసుకోవచ్చు. క్రాస్‌బో అలా కాదు, పొద్దున ఎక్కించిన బిగువు సాయంత్రం దాకా దానిలోనే ఉంటుంది. బాణం పెట్టకుండా ట్రిగ్గర్ నొక్కితే అది విరిగిపోవచ్చు. కాబట్టి చీకటి పడ్డాక చెట్టు దిగి, తలకు పదును లేని పాత బాణమొకటి పెట్టి మెత్తటి మట్టిలోకి కొట్టాలి. క్రాంక్ వెనక్కి తిప్పి నారిని వదులు చేసే మోడల్ అయితే ఆ బాధ లేదు, కాకపోతే దాని ధర ఎక్కువ.