తెగిపోయే నూనె: ఎయిర్ కూల్డ్ బండికి సింథటిక్ అవసరమా?

350 సీసీ ఎయిర్ కూల్డ్ బండి నడుపుతున్న ఒక పాఠకుడు, మినరల్ ఆయిల్ (ముడినూనెను మామూలుగా శుద్ధిచేసి తీసేది) మానేసి సింథటిక్ పోయించడం మంచిదేనా, పోయిస్తే క్లచ్ జారుతుందని మెకానిక్ చెబుతున్న మాట నిజమేనా అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు నూనెలో కలిపే కొన్ని అణువుల పొడవులో ఉంది. ఇంజిన్ ఆయిల్ గురించి నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి కూడా అదే.

నీటితో చల్లబడే ఇంజిన్‌లో థర్మోస్టాట్ వేడిని ఒక హద్దులో పట్టి ఉంచుతుంది. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కు సిలిండర్ రెక్కల మీదుగా వీచే గాలే ఆధారం. మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఆ గాలీ ఆగిపోతుంది. అప్పుడు పిస్టన్ అడుగు నుంచి, సిలిండర్ హెడ్ నుంచి వేడిని మోసుకుపోయే భారం చాలావరకు నూనె మీదే పడుతుంది.

డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఉంటే, మొదటి అంకె గడ్డకట్టే చలిలో ఇంజిన్ తిరగడానికి సంబంధించినది. 20డబ్ల్యూకు ఆ పరీక్షను మైనస్ 15 డిగ్రీల దగ్గర చేస్తారు. లంబసింగిలో కూడా అంతటి చలి ఉండదు కనుక మనకు ముఖ్యమైనది రెండో అంకె. 50 అంటే 100 డిగ్రీల దగ్గర నూనె స్నిగ్ధత, అంటే చిక్కదనం, 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్స్ (దాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. ఇంటర్మీడియట్‌లో స్నిగ్ధత అనగానే స్టోక్స్ సూత్రం బట్టీ పట్టిస్తాం గాని, వేడెక్కిన నూనె ఎంత త్వరగా పలచబడుతుందో పిల్లల చేత ఒక్కసారైనా కొలిపించం.

చలిలో మరీ చిక్కబడకుండా, వేడిలో మరీ పలచబడకుండా ఉండేలా నూనెలో పొడవైన పాలిమర్ గొలుసులు కలుపుతారు. ఇవి చల్లని నూనెలో బిగించి చుట్టిన నూలుండల్లా ముడుచుకుని ఉంటాయి. వేడెక్కితే ఆ ఉండలు వదులై, ఉబ్బి, నూనె ప్రవాహానికి ఎక్కువగా అడ్డుపడతాయి. కారులో గేర్‌బాక్స్‌కు వేరే నూనె ఉంటుంది, కాని మన బండ్లలో చాలావాటికి ఇంజిన్‌కు, క్లచ్‌కు, గేర్లకు ఒకే నూనె. గేరు పళ్ళు ఒకదానినొకటి నొక్కే చోట నూనె చెరకు మిషను రోలర్ల మధ్య పడ్డట్టు నలుగుతుంది, అక్కడి కోతబలానికి ఉండ సాగి గొలుసు తెగుతుంది. తెగడం కూడా ఎక్కడపడితే అక్కడ కాదు: లాగుడు గొలుసు నడిమి భాగంలోనే అత్యధికంగా ఉంటుంది కాబట్టి సాధారణంగా అక్కడే తెగుతుంది. చిక్కబరిచే శక్తి గొలుసు పొడవును బట్టి ఉంటుంది గనుక, రెండు సగాలు కలిసినా మొత్తం గొలుసు చేసిన పని చేయలేవు. మరీ పొట్టిగా అయిన ముక్కలు ఆ బలానికి చిక్కకుండా జారిపోతాయి. అందుకే కొత్త నూనె మొదట వేగంగా పలచబడి, తరువాత నిలకడకు వస్తుంది. తెగిన గొలుసు మళ్ళీ అతుక్కోదు, బండిని చల్లార్చినా పోయిన చిక్కదనం తిరిగి రాదు.

వేడికి నూనె ఎంత తక్కువగా పలచబడితే దాని స్నిగ్ధతా సూచిక అంత ఎక్కువ. 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సూచికను ప్రతిపాదించినప్పుడు పెన్సిల్వేనియా ముడినూనె నుంచి తీసినదానికి 100, గల్ఫ్ తీరపు నూనెకు 0 ఇచ్చారు. డెసీన్ అనే చిన్న అణువులను కలిపి కట్టే పాలీ ఆల్ఫా ఓలెఫిన్ అనే సింథటిక్ నూనెలు సాధారణంగా 120 దాటుతాయి. సింథటిక్ అని అమ్మేవాటిలో చాలావరకు హైడ్రోజన్‌తో గాఢంగా శుద్ధిచేసిన పెట్రోలియమే అయినా, వాటికీ 120 తగ్గదు. మూలనూనెకే, అంటే ఇంకా ఏమీ కలపని నూనెకే, ఈ గుణం ఉన్నప్పుడు పాలిమర్ తక్కువ చాలు, తెగేదీ తక్కువే. పైగా ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు నూనె ఆక్సీకరణ దాదాపు రెట్టింపవుతుందనే మోటు లెక్క ఒకటి ఉంది. ఆ వేడికి సింథటిక్ మెరుగ్గా తట్టుకుంటుంది. అయితే ఒకే రకం మూలనూనెతో రెండు అంకెల మధ్య దూరం పెంచాలంటే పాలిమర్ ఎక్కువ కలపక తప్పదు కాబట్టి, సింథటిక్ అన్నంత మాత్రాన 5డబ్ల్యూ-50 మీ బండికి మేలని అనుకోకండి.

క్లచ్ జారడానికి సింథటిక్ కారణం కాదు. ఇంధనం ఆదా కోసం కొన్ని కారు నూనెల్లో కలిపే ఘర్షణ తగ్గించే రసాయనాలు నూనెలో మునిగి ఉండే క్లచ్ ప్లేట్ల పట్టును చెడగొడతాయి. దీనికోసమే 1998లో జపాన్‌లో బైకు నూనెలకు జాసో ప్రమాణం (జాసో అంటే ఆ దేశపు వాహన ప్రమాణాల సంస్థ) వచ్చింది. డబ్బా మీద ఆ ప్రమాణపు ఎంఏ లేదా ఎంఏ2 ముద్ర ఉంటే నిశ్చింతగా పోయించవచ్చు. నూనె నల్లబడితే చెడిపోయిందనేది మరో అపోహ. మసిని ఒకచోట పేరుకోనివ్వకుండా తనలో తేలగట్టడం మంచి నూనె చేయవలసిన పనే.

100 సీసీ బండి మీద రోజుకు పది కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్ళివచ్చేవారికి, కంపెనీ చెప్పిన 10డబ్ల్యూ-30 మినరల్ ఆయిల్‌ను వేళకు మారిస్తే చాలు. సింథటిక్‌కు పెట్టే అదనపు ఖర్చు అక్కడ గిట్టుబాటు కాదు. వేసవిలో నగరపు ట్రాఫిక్‌లోనో, గంటల తరబడి హైవే మీదో నడిచే 350 సీసీ బండికి మాత్రం, మాన్యువల్ చెప్పిన గ్రేడు మార్చకుండా, ఎంఏ2 ముద్ర ఉన్న సింథటిక్ పోయించమంటాను. మార్చే గడువును మాత్రం పొడిగించవద్దు, ఎందుకంటే పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగే పెట్రోలు, మసి ఏ నూనెలోనైనా ఒకేలా చేరుతాయి.