అచ్చుపని నుంచి శాసనసభకు: థర్లో వీడ్ కథ

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. అబ్రహాం లింకన్ గురించి చదువుతున్నామని రాశారు. 1860లో లింకన్‌కు కాక తన స్నేహితుడు సీవార్డ్‌కు అధ్యక్ష పదవికి పార్టీ టికెట్టు ఇప్పించాలని చివరిదాకా పట్టుబట్టి ఓడిపోయినవాడు ఒకడున్నాడు. మరుసటి ఏడే లింకన్ ప్రభుత్వం తరఫున ఐరోపా వెళ్లి వాదించాడు. పేరు థర్లో వీడ్, నేర్చిన పని అచ్చుపని.

వీడ్ 1797లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి బండి తోలేవాడు, బాకీలు తీర్చలేక జైలుకు వెళ్లాడు. ఆ రాష్ట్రంలో 1831 దాకా అప్పు కట్టలేనివాళ్లను జైల్లో పెట్టేవారు. జైల్లో కూర్చున్నవాడు సంపాదించి బాకీ ఎలా తీరుస్తాడని అడుగుతారేమో, నాకూ అంతుబట్టలేదు.

పిల్లవాడు ఎనిమిదేళ్లకే కొలిమి దగ్గర తిత్తులు ఊదాడు, తర్వాత హడ్సన్ నది పడవల మీద చాకిరీ చేశాడు. బూట్లు లేక పాత తివాచీ పీలికలు కాళ్లకు చుట్టుకుని, మంచులో నడిచి వెళ్లి, ఫ్రెంచి విప్లవం మీద పుస్తకం అరువు తెచ్చుకున్నాడట. ఇది ముసలితనంలో అతనే చెప్పుకున్న కథ కనుక కాస్త ఉప్పూకారం పడి ఉండవచ్చు.

అతనికి అసలైన బడి అచ్చాఫీసు. సీసపు అక్షరాలను గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చాలి. అవి అద్దంలోలా తిరగబడి ఉంటాయి, వాటిని తలకిందులుగా చదవడం అలవాటు కావాలి. తర్వాత సిరా అద్ది, కాగితం పరిచి, అచ్చుయంత్రం పిడి లాగాలి. ఇద్దరు ఒళ్లు వంచి పనిచేసినా గంటకు సుమారు 250 కాగితాలే. న్యూయార్క్ నగరంలో వీడ్‌తో కలిసి పిడి లాగిన జేమ్స్ హార్పర్ తర్వాత పెద్ద ప్రచురణ సంస్థ స్థాపించి, ఆ నగరానికి మేయరయ్యాడు. నాయకుల ఉపన్యాసాలూ తిట్లూ ఊరికంటే ముందు అచ్చుపనివాడి కంటబడతాయి. రాజకీయం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంది?

1824లో ఆ విద్య అక్కరకొచ్చింది. అప్పట్లో న్యూయార్క్‌లో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లను ప్రజలు కాక శాసనసభ్యులే ఎన్నుకునేవారు. వీడ్‌ది అధ్యక్ష పదవికి పోటీచేసిన జాన్ క్విన్సీ ఆడమ్స్ పక్షం. ఆడమ్స్ మనుషులనూ, మరో అభ్యర్థి హెన్రీ క్లే మనుషులనూ కలిపిన ఉమ్మడి ఓటు చీటీలను గుట్టుగా అచ్చువేయించి, ఎదుటివాళ్లు తేరుకునేలోపు పని కానిచ్చాడు. చివరికి ఆ రాష్ట్రపు 36 ఓట్లలో 26 ఆడమ్స్‌కు పడ్డాయి.

వీడ్ రాష్ట్ర శాసనసభలో కూర్చున్నది 1825లోనూ 1830లోనూ మాత్రమే. 1830 మార్చిలో రాజధాని ఆల్బనీలో ‘ఈవెనింగ్ జర్నల్’ పత్రిక పెట్టి ఇక కుర్చీ జోలికి పోలేదు. అసలు పెత్తనం అప్పుడే మొదలైంది. 1838లో సీవార్డ్‌ను గవర్నర్‌గా గెలిపించాడు. హారిసన్, టేలర్ అధ్యక్షులు కావడంలోనూ అతని చేయి ఉంది. జనం అతన్ని ‘నియంత’ అనేవారు.

ఇక్కడే నాకు అతనితో పేచీ. ఎవరికి ఏ ఉద్యోగం ఇవ్వాలో, ఏ బిల్లు నెగ్గాలో తెరవెనుక తేల్చేవాడు. 1860లో న్యూయార్క్ వీధుల్లో గుర్రాలు లాగే ట్రాములు నడిపే హక్కులు కట్టబెట్టిన వ్యవహారంలోనూ అతని పేరు మారుమోగింది. జనం ఓటుతో వచ్చిన పెత్తనం కాదు కనుక వాళ్లకు అతను జవాబు చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. అయినా ఆ తివాచీ పీలికల కుర్రవాణ్ణి పూర్తిగా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

1882లో పోయాడు. మీరు అప్పటి ఆల్బనీలో ఉంటే అతని పత్రిక కొనేవారో కాదో, ఎందుకో, వచ్చే ఉత్తరంలో రాయండి.

మీ తాతయ్య