నీలగిరి పొగబండి: పాత ఇంజనా, కొత్త ఇంజనా?

పొద్దున్నే తమిళనాడులో నీలగిరి కొండల కింద ఉన్న మెట్టుపాళయంలో ఊటీ బండి ఎక్కేవాళ్లు ముందుకెళ్లి ఇంజను కోసం వెతుక్కుంటారు. అది వెనక ఉంటుంది. కొండెక్కేటప్పుడు ఆ ఇంజను పెట్టెల్ని లాగదు, కింది నుంచి నెడుతుంది. లింకు తెగినా పెట్టెలు వెనక్కి దొర్లిపోకుండా ఈ ఏర్పాటు. ఒక్కో పెట్టెకు బ్రేకు వేసే మనిషి కూడా ఉంటాడు.

2021లో ఈ బండి కోసం తిరుచిరాపల్లి దగ్గర పొన్మలై వర్క్‌షాపులో బొగ్గుతో నడిచే సరికొత్త ఆవిరి ఇంజను తయారైంది. నిన్నమొన్న చేసినదాన్ని వారసత్వం అనొచ్చా అని రైలు అభిమానుల్లో కొందరి సందేహం. అనొచ్చనే నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఈ లైను వేయాలన్న ఆలోచన 1854 నాటిది. పని మొదలైంది 1891లో. 1899కి కూనూరు, 1908కి ఊటీ చేరింది. 46 కిలోమీటర్ల దారిలో బండి 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్లకు ఎక్కాలి. కల్లార్ స్టేషన్ దాటాక వాలు దాదాపు 12 అడుగులకు ఒక అడుగు. అంత వాలులో నున్నటి ఇనుప చక్రం నున్నటి పట్టా మీద జారిపోతుంది. అందుకే స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ పద్ధతిలో పట్టాల నడుమ రెండు పళ్ల కడ్డీలు పక్కపక్కనే బిగించారు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు వస్తుంది. ఇంజను కింది పళ్ల చక్రం ఒక పన్ను వదిలేలోపే ఇంకోదాన్ని పట్టుకుంటుంది.

దీనికోసం స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో చేయించినవే ఎక్స్ క్లాస్ అనే రకం ఇంజన్లు. వాటి పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కోదానికి నాలుగు సిలిండర్లు. కింది రెండూ మామూలు చక్రాలను తిప్పుతాయి. పళ్ల పట్టా రాగానే, అక్కడ పని ముగించుకున్న ఆవిరినే పై రెండు సిలిండర్లలోకి మళ్లించి పళ్ల చక్రాలను తిప్పుతారు. ఒకే ఆవిరి చేత రెండుసార్లు పని చేయించుకోవడమన్నమాట.

అలా వచ్చిన చివరి ఇంజన్లు 1952 నాటివి. బాయిలర్ రోజూ వేడెక్కి చల్లారుతుంటే ఇనుము వ్యాకోచిస్తూ, సంకోచిస్తూ ఉంటుంది. గొట్టాలు పలకను కలిసేచోట ముందుగా కారడం మొదలవుతుంది. నీళ్లలోని సున్నం లోపల గారగా పేరుకుంటుంది. ఎంత బాగా చూసుకున్నా, కొన్నాళ్లకు అతుకులతో నెట్టుకురాలేని రోజు వస్తుంది. అప్పటికి ఆ ఇంజన్ల విడిభాగాలు ఎక్కడా దొరకవు.

ఈలోగా దేశంలో ఆవిరి యుగమే ముగిసింది. చిత్తరంజన్ రైలింజన్ల ఫ్యాక్టరీలో చివరి బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) ఆవిరి ఇంజను 1970లో తయారైంది. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తో ఆగిపోయాయి. మన నెల్లూరు జిల్లా బిట్రగుంటనే చూడండి. పెద్ద లోకో షెడ్డుతో కళకళలాడిన రైల్వే ఊరు, ఆవిరి ఇంజన్లు పోయాక వెలవెలబోయింది. ఒక్కో షెడ్డు మూతపడినప్పుడల్లా బాయిలర్ చప్పుడు విని జబ్బు చెప్పగల ఫిట్టర్లు, ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్లు చెల్లాచెదురయ్యారు. నాకు ఇంజన్లు తుక్కుకు పోయినదానికంటే ఇదే ఎక్కువ బాధ. స్టేషన్ల ముందు రంగేసి నిలబెట్టిన ఇంజన్లు పిల్లలకు ఫొటోలకు పనికొస్తాయి. వాటి దగ్గర ఎవరూ పని నేర్చుకోలేరు.

2005లో నీలగిరి లైనుకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అయినా ఇంజన్ల చిక్కు అలాగే ఉంది. ఎండాకాలంలో నిప్పురవ్వలతో అడవి అంటుకుంటుందన్న టెన్షన్ ఒకటి. కొన్నింటిని బొగ్గు నుంచి ఆయిల్‌కు మార్చారు. ఆ తర్వాత, 2011 నుంచి, పొన్మలైలో పాత నమూనానే పెట్టుకుని ఆయిల్‌తో నడిచే కొత్త ఎక్స్ క్లాస్ ఇంజన్లు చేశారు. బొగ్గు ఇంజను వాటి తర్వాతది. దాన్ని చేయడానికి ఇప్పటి కార్మికులు బాయిలర్ పలక వంచడం, నాలుగు సిలిండర్ల లెక్క కుదర్చడం స్వయంగా చేసి చూశారు. నేను దాన్ని వారసత్వం అంటున్నది అందుకే.

కూనూరు నుంచి ఊటీ దాకా పళ్ల పట్టా లేదు, అక్కడ డీజిల్ ఇంజను చాలు. కల్లార్ నుంచి కూనూరు దాకా మాత్రం, దారిలో హిల్‌గ్రోవ్‌లో ఆగి నీళ్లు పట్టుకుంటూ, ఇప్పటికీ ఎక్స్ క్లాసే పెట్టెల్ని పైకి నెడుతోంది.